ఓడిన జట్టు నేర్పు పాఠము

(విశాఖపట్టణమున గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



విశాఖపట్టణము, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల నుండి మీరందరు శ్రమపడి ఇచ్చటకు వచ్చితిరి. మమ్ము మాట్లాడుమనినప్పుడు పన్నుల వసూలును గూర్చియో, నిధుల లెక్కలను గూర్చియో చెప్పుదుమని మీరు తలచి యుందురు. అవి ముఖ్య విషయములే. కాని నేడు మేము ఒక ఆటను గూర్చి మాట్లాడదలచితిమి. ఆట యనగానే మీలో కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. నవ్వుడు, తప్పు లేదు. కాని తుదివరకు వినుడు. మేము చెప్పబోవునది మీ పంచాయతీ కార్యాలయములో నెల నెల జరుగు విషయమే.

మన పల్లెలలో చెడుగుడు ఎరుగని వారు లేరు. వరి కోసిన మడిలోనో, ఏటి ఇసుకలోనో కాలితో గీత గీసి, కూత వేసి ఆడిన దినములు మనకందరకు జ్ఞాపకమున్నవి. ఆ ఆటయే కబడ్డీ యను పేర నేడు దేశదేశములలో ఆడబడుచున్నది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ అను పోటీలు మొదలైనవి. ఆటగాండ్రను వేలములో ఎన్నుకొని, జీతములిచ్చి ఆడించు పద్ధతి దానితో వచ్చినది. తెలుగువారి పేర తెలుగు టైటాన్స్ అను జట్టు ఏర్పడి, ఆ మొదటి సంవత్సరమున తన సొంత గడ్డ పోటీలను ఈ విశాఖపట్టణముననే, పోర్టువారి ఇండోర్ స్టేడియములో ఆడినది. మడిలో ఆడిన ఆట దీపముల వెలుగున చాపపై ఆడుట చూచి పల్లెల నుండి వచ్చిన పెద్దలు సంతసించిరి.

ఆట నియమములు మీకు తెలిసినవే. అయినను రెండు మాటలు చెప్పవలసి యున్నది. బరిలో ఒక్కొక్క జట్టునకు ఏడుగురు నిలుతురు. ఒకడు కూత వేయుచు ఎదుటి బరిలోనికి పోయి, 30 సెకనులలో ఎవరినైన తాకి మరలి రావలెను. తాకి వచ్చినచో తాకబడిన వారు చచ్చినట్లు. ఎదుటివారు అతనిని పట్టి నిలిపినచో అతడు చచ్చినట్లు. చచ్చినవాడు బయట కూర్చుండును. తన తోడివారు ఎదుటి జట్టులో ఒకనిని చంపినప్పుడే అతడు బ్రతికి మరల లోనికి వచ్చును. తన బ్రతుకు తన చేతిలో లేదు. తోడివారి చేతిలో నున్నది. ఈ నియమమును మాత్రము మనస్సున నుంచుకొనుడు. మా ప్రసంగమంతయు దీనిపైననే నిలిచి యున్నది.

ఇక టైటాన్స్ కథ వినుడు. 2015లోను, 2016లోను ఈ జట్టు సెమీ ఫైనలు దశకు చేరి మన్నన పొందినది. తరువాత చెడ్డ దినములు వచ్చినవి. 2021 డిసెంబరులో మొదలైన సీజనులో 22 పోటీలాడి ఒక్కటియే గెలిచినది. 2022 సీజనులో 22 పోటీలకు రెండు గెలుపులు. 2023 డిసెంబరులో మొదలైన సీజనులో 22 పోటీలకు మరల రెండే గెలుపులు. మూడు సీజనులలో 66 పోటీలు, 5 గెలుపులు. మూడు పర్యాయములును పట్టికలో చివరి స్థానమే.

వారు ప్రయత్నము చేయలేదనుకొనకుడు. 2023 అక్టోబరులో జరిగిన వేలములో పవన్ సెహ్రావత్ అను ఆటగానిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసికొనిరి. అప్పటివరకు ఆ లీగులో ఏ ఆటగానికిని అంత ధర పలికి యుండలేదు. ఆ ధరకు అతడు తగనివాడా? కాడు. అదే నెలలో చైనా దేశమునందలి హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టునకు నాయకుడై స్వర్ణపతకము గెలిపించిన వీరుడతడు. టైటాన్స్ పక్షమున ఆడిన ఆ సీజనులోను కూతలలో 200కు పైగా పాయింట్లు తెచ్చినాడు. అయినను జట్టు చివరనే నిలిచినది.

ఇచ్చట మనము ఒక్క క్షణము ఆలోచింపవలెను. మనిషి ఒక్కడే. అక్టోబరులో ఒక జట్టుతో స్వర్ణము గెలిచినాడు. డిసెంబరు నుండి మరియొక జట్టుతో వరుసగా ఓడినాడు. అతని కాళ్ళలో బలము రెండు నెలలలో తరిగిపోయినదా? లేదు. భేదము అతనిలో లేదు. చుట్టును నిలిచిన ఆరుగురిలో నున్నది, వారి నడుమ నుండవలసిన పొందికలో నున్నది.

కబడ్డీలో ఇది స్పష్టముగా కనబడును. ఎంత విలువైన కూతగాడైనను పట్టుబడి బయట కూర్చున్నప్పుడు ఒక్క పాయింటును తేలేడు. అతడు మరల లోనికి రావలెనన్నచో మిగిలినవారు పట్టు పట్టవలెను. పట్టు ఒక్కని పని కాదు. మూలన నిలిచినవాడు చీలమండ పట్టును; ప్రక్కవాడు నడుము పట్టును; మరియొకడు గీతకు అడ్డము నిలుచును. చేయి చేయి పట్టుకొని నిలిచిన గొలుసులో ఒక్క లంకె జారినను కూతగాడు గీత దాటి పోవును. కాబట్టి పట్టు లేని జట్టులో గొప్ప కూతగాడు ఆటలో ఎక్కువ భాగము బయట కూర్చుండి చూడవలసిన వాడగును. ధర అతనికి, కష్టము జట్టుకు.

ఇది కబడ్డీకి మాత్రమే చెల్లు మాట కాదు. అమెరికా దేశమున బాస్కెట్ బాల్ ఆటకు ఎంత ఆదరము గలదో మీరు వినియే యుందురు. ఎత్తున కట్టిన వలలో బంతి వేయు ఆట యది, జట్టునకు ఐదుగురు. అక్కడ దానిని వృత్తిగా నాడువారు కోట్ల రూపాయల వేతనము పొందుదురు. 2004లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలకు ఆ దేశము వారిలో పేరుగన్నవారిని ఏరి పంపినది. కాని కలిసి ఆడిన అలవాటు చాలనివారిని తొందరగా ప్రోగుచేసి పంపినది. వారు మొదటి పోటీలోనే ప్యూర్టోరికో అను చిన్న ద్వీపపు జట్టు చేతిలో 92-73 తేడాతో ఓడిరి. సెమీ ఫైనలులో అర్జెంటీనా చేతిలో ఓడి, కాంస్య పతకముతో ఇల్లు చేరిరి. అర్జెంటీనా వారు ఏండ్ల తరబడి కలిసి ఆడినవారు. వారికే స్వర్ణము దక్కినది.

ఆ ఓటమి తరువాత అమెరికా వారు చేసిన పని గమనింపదగినది. ఎవరిని నిందింపవలెనని వెదకుచు కూర్చుండలేదు. ఇకమీదట జట్టులో చేరగోరువాడు ఒక్క వేసవికి గాక కొన్ని సంవత్సరములకు మాట ఇయ్యవలెనని ఏర్పాటు చేసిరి. 2006లో ప్రపంచ పోటీలలో గ్రీసు చేతిలో మరల ఓడిరి. అయినను ఏర్పాటును విడువలేదు. 2008లో బీజింగులో స్వర్ణము గెలిచిరి. 2004లో ఓడిన జట్టులోని కొందరు యువకులు ఈ గెలిచిన జట్టులోను ఉండిరి. ఓడినవారిని వెళ్ళగొట్టి గెలువలేదు. ఓడినవారిని నిలబెట్టియే గెలిచిరి.

మన దేశపు కబడ్డీయు ఇట్టి దెబ్బ తిన్నదే. 1990 నుండి 2014 వరకు ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ స్వర్ణము ప్రతి పర్యాయము మనదే. 2018లో జకార్తాలో సెమీ ఫైనలులో ఇరాను చేతిలో ఓడితిమి. ఆట మనదే గదా యను ధీమా ఆనాడు మనల కాపాడలేదు. ఆ స్వర్ణము మరల చేతికందుటకు 2023 వరకు వేచి యుండవలసి వచ్చినది.

టైటాన్స్ జట్టు కూడ నెమ్మదిగా లేచినది. 2024లో కృషన్ కుమార్ హుడా అను అనుభవజ్ఞుడు శిక్షకుడుగా వచ్చినాడు. ఆ సీజను నడుమ నాయకుడైన పవన్ గాయపడినాడు. మునుపటి సంవత్సరమైనచో అంతటితో కథ ముగియవలసినది. కాని ఈసారి విజయ్ మలిక్ భారము నెత్తుకొనినాడు. తక్కినవారు తోడు నిలిచిరి. 22 పోటీలలో 12 గెలిచి ఏడవ స్థానమున నిలిచిరి. ఆరు జట్లకే తరువాతి దశలో చోటు గనుక గుమ్మము వరకు వచ్చి ఆగిపోయిరి. 2025 ఆగస్టు 29న క్రొత్త సీజను ఈ విశాఖపట్టణముననే ప్రారంభమైనది. అప్పటికి పవన్ టైటాన్స్ జట్టులో లేడు. తమిళ్ తలైవాస్ జట్టునకు నాయకుడై ఎదుట నిలిచినాడు. సొంత గడ్డపై ఆడిన ఆ మొదటి పోటీలోనే టైటాన్స్ ఓడినది. అయినను చెదరలేదు. ఆ సీజనులో లీగు దశ దాటి, ఫైనలునకు ఒక్క మెట్టు క్రింద పుణేరి పల్టన్ చేతిలో ఓడి, మూడవ స్థానముతో ముగించినది. మూడేండ్లు అడుగున నున్న జట్టు రెండేండ్లలో ఇంత దూరము వచ్చినది. కప్పు మాత్రము ఇంకను రాలేదు. ఆ మాటయు దాచక చెప్పుచున్నాము. ఏలనన, లేచుట వేరు, గెలుచుట వేరు. లేవనివాడు మాత్రము ఎన్నటికిని గెలువడు.

సభ్యులారా, ఇప్పుడు మీ గ్రామమునకు వత్తము. ఓట్ల దినమున ప్రజలు ఒక సర్పంచిని, వార్డుకొక సభ్యుని ఎన్నుకొందురు. మరునాటి నుండి ఏమి జరుగుచున్నది? భారమంతయు సర్పంచిపై మోపి సభ్యులు గట్టున నిలుచుట ఒక విధము. భారమంతయు తానే లాగుకొని సభ్యులను గట్టున నిలుపుట సర్పంచులు చేయు రెండవ విధము. రెండును ఒక్కటే. ఏడుగురు నిలువవలసిన బరిలో ఒక్కడు కూత వేయుచుండును, ఆరుగురు చూచుచుందురు.

ఈ మాటను మేము పుస్తకములు చదివి చెప్పుట లేదు. చాల ఏండ్ల క్రిందట మేమును ఒక చిన్న పంచాయతీలో వార్డు సభ్యులముగా నుంటిమి. ఆ ఊరికి మంచినీటి ఆధారము ఒక్క బోరు, ఒక్క ట్యాంకు. మా సర్పంచి మంచివాడు, చురుకైనవాడు. మోటారు మరమ్మతు మొదలు వీధి దీపము వరకు అన్నియు తానే చూచుకొనెడివాడు. మేము సమావేశమునకు పోయి సంతకము చేసి వచ్చెడివారము.

ఒక వేసవిలో, ఏప్రిల్ చివర, మోటారు నడుపు కుర్రవాడు వీధిలో మాకు ఎదురుపడి, “బోరులో నీళ్లు తగ్గాయండి. ధార ఆగి ఆగి వస్తోంది” అని చెప్పినాడు. “సర్పంచి గారికి చెప్పవోయ్” అని మేము మా దారిన పోయితిమి. అతడు చెప్పబోయిన దినమున సర్పంచి ఊర లేడు. తరువాత అతడును మరచినాడు. సర్పంచికి చెప్పుట మా పని యని మాకు తోచలేదు. మూడు వారములు గడచినవి. మే నెల నడుమ ఒక రాత్రి నీరు అందక వట్టిగా తిరిగిన మోటారు కాలిపోయినది.

పదునొకండు దినములు ఊరికి నీళ్ళు లేవు. ఆడువారు తెల్లవారక ముందే బిందెలతో పొలముల లోని బోర్ల కడకు నడచిరి. మా వార్డులోనే ఒక బాలింత నీళ్ళకై వరుసలో నిలిచి స్పృహతప్పి పడినది. ఆమె కోలుకొనినది గాని, ఆ దృశ్యము నేటికిని మా కన్నుల ముందే యున్నది.

పంచాయతీ సమావేశములో అందరు సర్పంచిపై విరుచుకుపడిరి. అతడు తల వంచుకొని కూర్చుండెను. మేమును మాటలాడక కూర్చుంటిమి. అప్పుడు ఒక వృద్ధురాలు, తొలిసారి సభ్యురాలైన ఆమె, లేచి, “తప్పు ఎవరిదో తరవాత తేల్చుకుందాం బాబూ. ముందు నీళ్ల సంగతి చూడండి. ఎవరెవరు ఏ పని చేస్తారో చెప్పండి” అన్నది. గది నిశ్శబ్దమైనది. ఒకరు ట్రాక్టరు, ట్యాంకరు చూతుమనిరి. ఒకరు పట్టణమునకు పోయి మోటారు మరమ్మతు చేయింతుమనిరి. ఒకరు బోరు లోతు కొలిపించు భారము తీసికొనిరి. అప్పుడు మా నోరు పెగలినది. “కుర్రవాడు మాతో చెప్పినాడు. మేము ఎవరికిని చెప్పలేదు” అని ఒప్పుకొంటిమి.

మమ్ము ఆ ఊరు నిందించి యుండవచ్చును, న్యాయమే యగును. సర్పంచి మా వంక చూచి, “అయితే ఇక నుండి నీళ్ల పని మీరే చూడండి. నాతో పాటు మీ పేరు కూడా రాస్తాను” అన్నాడు. బోరు పక్కన ఒక పుస్తకము పెట్టితిమి. మోటారు ఎన్ని గంటలు నడచినది, ధార ఎట్లున్నది, దినదినము వ్రాయుట, వారమున కొకసారి మేము చూచి సంతకము చేయుట ఏర్పాటైనది. మరుసటి వేసవిలో ధార తగ్గిన సంగతి మూడవ దినముననే సర్పంచికి, సభ్యులకు తెలిసినది. మోటారును కొన్ని గంటలే నడిపి, మిగిలిన నీరు ట్యాంకరుతో తెప్పించితిమి. ఊరు ఒక్క దినమును ఎండలేదు. చచ్చి బయట కూర్చున్న మమ్ము తోడివారు బ్రతికించి లోనికి పిలిచిరి. కబడ్డీ నియమమును మేము ఆనాడు తెలిసికొంటిమి.

ఈ నగరమున ఉక్కు కర్మాగారము గలదు. అచ్చటి బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని మన నదుల పేర్లు పెట్టిరి. ఆ కొలిమి పగలు రేయి మండుచునే యుండవలెను. ఒక షిఫ్టు వారు దిగునప్పుడు కొలిమి స్థితి ఎట్లున్నదో తరువాతి వారికి అప్పగించి దిగుదురు. అప్పగింపు లేనిచో ఎంతటి ఇంజనీరు కూడ దానిని కాపాడలేడు. పంచాయతీ కూడ ఆరని కొలిమియే. ఒకరికి తెలిసినది పదిమందికి తెలియవలెను.

ఇక మీరు ఊరికి తీసికొని పోవలసిన మాటలు నాలుగు చెప్పి ముగింతుము.

మొదటిది. ప్రతి పనికి రెండు పేర్లు వ్రాయుడు. నీరు, దీపములు, పారిశుధ్యము, బడి, దారులు ఏవైనను, చూచువాడొకడు, వెనుక నిలుచువాడొకడు ఉండవలెను. మూలవాడు జారినప్పుడు ప్రక్కవాడు పట్టును. పేరు లేని పని ఎవరి పనియు కాదు.

రెండవది. ప్రతి సమావేశమునందును మొట్టమొదట “ఈ నెల మనము దేనిలో తప్పితిమి?” అను ప్రశ్న వేయుడు. తప్పిన పని, దాని కారణము, ఇక మీద చేయబోవు మార్పు, మూడును పుస్తకమున వ్రాయుడు. మనుష్యుని పేరు కంటె కారణము ముందు వ్రాయుడు. గ్రామసభలో దానిని దాచక చదువుడు. ఓటమిని దాచిన పంచాయతీని ప్రజలు నమ్మరు; ఒప్పుకొని సరిదిద్దిన పంచాయతీని తప్పక నమ్ముదురు.

మూడవది. ప్రో కబడ్డీలో వరుసగా రెండు కూతలు వట్టివై పోయినచో, మూడవ కూతలో పాయింటు తేవలెను, లేదా చావవలెను. ఈ నియమమును మీ సభలోను పెట్టుకొనుడు. రెండు సమావేశములలో వాయిదా పడిన విషయము మూడవ సమావేశమున ఏదో ఒక విధముగ తేలవలెను. వాయిదాలలో చచ్చిన పనులు మన పల్లెలలో లెక్కలేనన్ని గలవు.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది. తప్పిన వానిని బ్రతికింపుడు. ఇచ్చట ఒక భేదము మరువరాదు. పంచాయతీ సొమ్ము కాజేయుట తప్పటడుగు కాదు, నేరము. దానికి చట్టము గలదు. కాని శ్రద్ధ లేకనో, తెలియకనో, తొందరపడియో తప్పిన వానిని గట్టున కూర్చుండబెట్టి నవ్వినచో ఆ జట్టులో ఒకడు తగ్గును. వానికి పని అప్పగించి తోడు నిలిచినచో ఒకడు పెరుగును. అంతేకాదు, ఆ తప్పు మరల చేయనివాడు పెరుగును.

కబడ్డీలో మరియొక అందమైన నియమము గలదు. బరిలో ముగ్గురో అంతకు తక్కువో మిగిలి యున్నప్పుడు వారు కూతగానిని పట్టినచో ఒక పాయింటునకు మారు రెండు ఇత్తురు. కొద్దిమంది నిలిచి చేసిన పనికి విలువ హెచ్చని ఆ ఆటయే ఒప్పుకొన్నది. మీ ఊర కూడ పదుగురు పోయి ముగ్గురు మిగులు దినములు వచ్చును. తుపాను వచ్చిన రాత్రి, నీరెండిన వేసవి, జ్వరములు ప్రబలిన వాన కాలము అట్టివి. ఆ దినమున మీరు ఆ ముగ్గురిలో నుండుడు. పోయిన పదుగురు మీ పట్టు చూచియే మరల బరిలోనికి వత్తురు.

మీరు ఓడకుడని మేము ఆశీర్వదింపము. అది జరుగునది కాదు. ఓడిన దినమున ఒకరి చేయి ఒకరు విడువకుడని మాత్రము వేడుకొనుచున్నాము.